పంట్ వేళ తేలే బలం

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్ (విశ్వవిద్యాలయాల కూటమి) గొప్పదన్న వాదన ఏటా నడుస్తుంది. కుర్రాళ్లకు నక్షత్రాలిచ్చేవాళ్లు ఒకటి చెబుతారు, ప్రొఫెషనల్ లీగ్ డ్రాఫ్ట్ పట్టిక ఇంకొకటి చెబుతుంది. ఈ రెండు లెక్కల్లోనూ పడని ఆటగాళ్లు పంట్ వేళ, అంటే బంతిని ప్రత్యర్థి వైపు దూరంగా తన్నేటప్పుడు, మైదానంలోకి వస్తారు. ఆట చాలాసార్లు వాళ్ల చేతుల్లోనే తేలుతుంది.

2023 అక్టోబరు 21, శనివారం. అయోవా సిటీలోని కిన్నిక్ స్టేడియంలో అయోవా, మిన్నెసోటా విశ్వవిద్యాలయాల జట్లు తలపడుతున్నాయి. ఆట ముగియడానికి రెండు నిమిషాలు కూడా లేవు. మిన్నెసోటా 12, అయోవా 10. మిన్నెసోటా పంటర్ బంతిని దూరంగా తన్నాడు. అది నేలమీద పడి, ఎగిరి, పక్క గీత వైపు దొర్లుతోంది. అయోవా తరఫున వెనక కాచుకున్న కూపర్ డిజీన్ పరుగున వెళ్లి గీత అంచున దాన్ని అందుకున్నాడు. మీద పడుతున్నవాళ్లను విదిలించుకుని 54 గజాలు పరిగెత్తి గోల్ గీత దాటేశాడు. స్టేడియం హోరెత్తిపోయింది.

రిఫరీలు వీడియో చూశారు. వాళ్లు చూడబోయింది అతని కాలు గీత తొక్కిందా అన్నది. తొక్కలేదు. కానీ బంతి దొర్లుతుండగా డిజీన్ ఎడమ చెయ్యి ఊపినట్టు కనిపించింది. నిబంధనల ప్రకారం అది చెల్లని ఫెయిర్ క్యాచ్ (పరిగెత్తను, తాకవద్దు అని చెప్పే) సంకేతం. అలాంటి సంకేతం వచ్చాక బంతి అందుకున్న చోటే ఆట ఆగిపోవాలి. టచ్‌డౌన్ రద్దయింది. అయోవాకు తన 46వ గజం గీత దగ్గర బంతి ఇచ్చారు. కాసేపటికే అయోవా క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతి ప్రత్యర్థి చేతికి చిక్కింది. ఆ మైదానంలో 1999 తర్వాత మిన్నెసోటా గెలవడం అదే మొదటిసారి.

డిజీన్ ఆ చెయ్యి ఎందుకు ఊపాడన్న వాదన అయోవాలో ఇప్పటికీ తెగలేదు. నాకు మాత్రం ఆ రోజు స్కోరుకార్డే ఎక్కువ మాట్లాడుతుంది. గెలిచిన జట్టు 12 పాయింట్లూ కిక్కర్ కొట్టిన నాలుగు ఫీల్డ్ గోల్స్ నుంచే వచ్చాయి. రెండు జట్ల పంటర్లూ ఆస్ట్రేలియా వాళ్లు. ఆటను తేల్చింది నేలమీద దొర్లిన ఒక బంతి, దాని దగ్గర ఒక కుర్రాడు తీసుకున్న నిర్ణయం. కాన్ఫరెన్స్‌ల బలాబలాలు తూచే పట్టికల్లో వీటిలో దేనికీ చోటు లేదు.

గాల్లో బంతి, కింద ఒక్కడు

ఈ ఆట తెలియనివారికి నాలుగు మాటలు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. నాలుగోసారీ విఫలమైతే బంతి ఉన్న చోటునుంచే ఎదుటివాళ్లకు పోతుంది. అందుకే మూడు ప్రయత్నాల్లో పని కాకపోతే నాలుగోసారి బంతిని చేతిలోంచి వదిలి కాలితో బలంగా తన్ని, ఎదుటి జట్టును దాని గోల్ దగ్గరికి నెట్టేస్తారు. అది పంట్. దాన్ని అందుకుని ఎదురు పరిగెత్తడం పంట్ రిటర్న్. గణాంకవేత్తల లెక్కలో ఆట మొదలయ్యే చోటు పది గజాలు ముందుకు జరిగితే ఆ దాడి విలువ అర పాయింటుకు కాస్త పైనే పెరుగుతుంది. ఒక ఆటలో రెండు జట్లూ కలిసి పది పంట్లు కొట్టుకుంటే, తొలిచూపుకు ఏమీ జరగనట్టు కనిపించే ఆ పది సందర్భాల్లోనే గెలుపు ఓటములు అటూ ఇటూ అయిపోవచ్చు.

మంచి పంట్ నాలుగు నుంచి నాలుగున్నర సెకన్లు గాల్లో ఉంటుంది. క్రికెట్‌లో బౌండరీ దగ్గర ఆకాశానికి లేచిన క్యాచ్ కింద నిలబడ్డ ఫీల్డర్‌ని ఊహించుకోండి. అతని మీదకు తొంభై, వంద కిలోల మనుషులు నిండు వేగంతో పరిగెత్తుకొస్తున్నారనీ ఊహించుకోండి. రిటర్నర్ స్థితి అది. కళ్లు బంతి మీద ఉండాలి. వచ్చేవాళ్లు ఎంత దూరంలో ఉన్నారో తెలిసుండాలి. పట్టి పరిగెత్తాలా, చెయ్యి పైకెత్తి ఊపి ఫెయిర్ క్యాచ్ కోరాలా, ముట్టుకోకుండా వదిలేయాలా అన్నది బంతి దిగేలోపే తేల్చుకోవాలి. ఫెయిర్ క్యాచ్ కోరితే ఎవరూ తాకరు, కానీ పరుగు ఉండదు. ఒకప్పుడు కాలేజీ ఆటలో, సంకేతం ఇవ్వకపోయినా, బంతి పట్టేవాడి చుట్టూ రెండు గజాల మేర ఎవరూ రాకూడదన్న రక్షణ ఉండేది. 2003లో దాన్ని ఎత్తేశారు. అప్పటినుంచి బంతి చేతిలో పడ్డ క్షణానే ఢీకొనడానికి ప్రత్యర్థికి అడ్డు లేదు. పట్టేటప్పుడు ఆటంకపరచకూడదు, అంతే.

కోచ్‌లు నేర్పే మొదటి పాఠం వెనకడుగు వేయకపోవడం. మడమలు పదో గజం గీత మీద పెట్టి నిలబడు, బంతి నెత్తి మీదుగా వెనక్కి పోతుంటే దాని జోలికి పోకు, గోల్ గీత దాటితే 20వ గజం నుంచి మనకే ఆట వస్తుంది అని చెబుతారు. ఈ పాఠాన్ని ధిక్కరించి చరిత్రకెక్కినవాడు బిల్లీ కానన్. 1959 అక్టోబరు 31 రాత్రి బాటన్ రూజ్‌లో లూసియానా స్టేట్ జట్టు ఓల్ మిస్ చేతిలో 0–3తో వెనకబడి ఉంది. గోల్‌కు 15 గజాల లోపు పడిన పంట్‌ను ముట్టుకోవద్దన్నది కోచ్ పాల్ డైట్జెల్ ఆజ్ఞ. నేలమీద పడి లేచిన బంతిని కానన్ 11వ గజం దగ్గర అందుకున్నాడు. అడ్డొచ్చినవాళ్లను ఒక్కొక్కరినే తెంచుకుంటూ 89 గజాలు పరిగెత్తాడు. జట్టు 7–3తో గెలిచింది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అతనికే దక్కింది. అరవై ఏళ్లు దాటినా ఆ పరుగును చూపిస్తూనే ఉంటారు. గోల్ ముందు బంతి జారవిడిచి జట్టును ముంచినవాళ్ల వీడియోలను మాత్రం ఎవరూ అంత ప్రేమగా దాచుకోరు. ఆజ్ఞ డైట్జెల్‌దే సరైనది. కానన్ దాన్ని దాటగలిగినవాడు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడమే రిటర్నర్‌ను ఎంచుకోవడంలోని కష్టం.

వెనక ఉన్న ఒక్కడి సంగతి ఇలా ఉంటే, ముందున్న పది మంది లెక్క వేరు. పంట్ పడే ముందు రిటర్న్ జట్టు మూడింట్లో ఒక దారి ఎంచుకుంటుంది. పంటర్ మీదకు దూకి బంతిని అడ్డుకోవడం ఒకటి. మీదకొచ్చేవాళ్లను ఆలస్యం చేసి రిటర్నర్‌కు దారి తీయడం రెండోది. ఎదుటివాళ్లు పంట్ పేరుతో మోసం చేసి పరిగెత్తుతారేమోనన్న అనుమానంతో మామూలు డిఫెన్స్‌నే ఉంచేయడం మూడోది. రెండో దారిలో చాకిరీ అంతా కనిపించనిదే. చివర్లలో నిలబడే ఇద్దరు ప్రత్యర్థులను గన్నర్లంటారు. రిటర్నర్ మీదకు అందరికన్నా ముందొచ్చేది వాళ్లే. ఒక్కో గన్నర్‌కు ఇద్దరిని అడ్డం పెట్టి, గీత పొడవునా వాళ్లను తోస్తూ, నెడుతూ నిలవరించాలి. మిగిలినవాళ్లు ఒక పక్కకు మళ్లి గోడ కట్టాలి. ఈ హడావిడిలో ఒక్కడు ఎదుటివాడిని వెనకనుంచి తోసినా పది గజాల జరిమానా, అప్పటిదాకా పడ్డ కష్టం వృథా. బంతి నేలమీద పడిందంటే అరిచి అందరినీ పక్కకు పొమ్మనాలి. పొరపాటున ఒకడి మడమకు తగిలినా తన్నిన జట్టు దాన్ని తీసేసుకోవచ్చు.

అడ్డుకోవడమన్న మొదటి దారి ఎంత దూరం పోగలదో 2015 అక్టోబరు 17న ఆన్ ఆర్బర్‌లో లక్షా పదకొండు వేల మంది చూశారు. మిషిగన్ 23, మిషిగన్ స్టేట్ 21. మిగిలింది పది సెకన్లు. మిషిగన్ పంట్ చేస్తే చాలు, ఆట అయిపోతుంది. మిషిగన్ స్టేట్ వెనక ఎవరినీ నిలబెట్టలేదు, అందరినీ పంటర్ మీదకే వదిలింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పంటర్ బ్లేక్ ఓనీల్ చేతిలో బంతి నిలవలేదు. అది ఎగిరి జేలెన్ వాట్స్-జాక్సన్ చేతికి చిక్కింది. 38 గజాలు పరిగెత్తి అతను గోల్ గీత దాటేసరికి గడియారంలో సమయం అయిపోయింది. 27–23. ఆ పరుగు చివర్లోనే అతని తుంటి విరిగింది. వాట్స్-జాక్సన్ మొదటి జట్టు ఆటగాడు కాడు, రిజర్వు కుర్రాడు. ఆ సీజన్‌లో మిషిగన్ స్టేట్ బిగ్ టెన్ కాన్ఫరెన్స్ ట్రోఫీ గెలిచి జాతీయ ప్లేఆఫ్‌కు వెళ్లింది. వాట్స్-జాక్సన్ పేరు దగ్గర కాసేపు ఆగమని అడుగుతాను. నేను చెప్పదలచుకున్న విషయం మొత్తం అతనిలోనే ఉంది.

మెల్‌బోర్న్ దారి

పంట్ కళను గత రెండు దశాబ్దాల్లో మార్చేసింది ఆస్ట్రేలియన్లు. అక్కడి సొంత ఫుట్‌బాల్‌లో చిన్నప్పటినుంచే పరిగెత్తుతూ, ఏ కోణంలోనైనా, ఏ కాలితోనైనా బంతిని తన్నడం నేర్చుకుంటారు. నేథన్ చాప్‌మన్ 2007లో మెల్‌బోర్న్‌లో ప్రోకిక్ ఆస్ట్రేలియా అనే శిక్షణ సంస్థ పెట్టి అలాంటి యువకులను అమెరికా కాలేజీలకు పంపడం మొదలుపెట్టాడు. ఉత్తమ పంటర్‌కిచ్చే రే గై అవార్డును 2013 నుంచి 2017 దాకా వరసగా అయిదేళ్లు ఆస్ట్రేలియన్లే పట్టుకుపోయారు. అందులో రెండేళ్లు యూటా విశ్వవిద్యాలయానికి చెందిన టామ్ హ్యాకెట్‌వే.

కాలేజీ నిబంధన కూడా వాళ్లకు కలిసొచ్చింది. ప్రొఫెషనల్ లీగ్‌లో బంతి తన్నే దాకా చివర్లలోని ఇద్దరు తప్ప మిగిలినవాళ్లు ముందుకు కదలకూడదు. కాలేజీలో బంతి వెనక్కి అందించిన క్షణానే అందరూ పరిగెత్తవచ్చు. పంటర్ పక్కకు నాలుగు అడుగులు పరిగెత్తి ఆలస్యంగా తన్నితే, బంతి పడేసరికి అతని మనుషులు రిటర్నర్ ముంగిట్లో ఉంటారు. పైగా ఆ బంతి నున్నగా చేతిలోకి దిగదు. కిందుగా వచ్చి, గడ్డి తాకి, ఎటో మళ్లి దొర్లుతుంది. కిన్నిక్‌లో డిజీన్ ఎదుర్కొన్నది అలాంటి బంతినే. దీంతో రిటర్నర్లకు దొరికే అవకాశాలు తగ్గాయి, దొరికిన ఒక్కదాని విలువ పెరిగింది.

ఆ 2023 సీజన్‌లోనే అయోవా పంటర్ టోరీ టేలర్ మొత్తం 4,479 గజాల పంట్లతో ఒక సీజన్ జాతీయ రికార్డు నెలకొల్పాడు. పాయింట్లు కొట్టడంలో దేశంలోనే అట్టడుగు జట్లలో ఒకటైన అయోవా పది ఆటలు గెలిచి కాన్ఫరెన్స్ ఫైనల్ చేరింది. అక్కడ మిషిగన్ ఎదురైంది. టేలర్ పంట్‌ను సెమాజ్ మోర్గన్ అనే మొదటి ఏడాది విద్యార్థి 87 గజాలు వెనక్కి తెచ్చాడు. అయోవా 0–26తో ఓడింది. నెల తిరిగేసరికి 2024 జనవరి 1న రోజ్ బౌల్‌లో అలబామా కొట్టిన మొదటి పంట్‌ను ఇదే మోర్గన్ జారవిడిచాడు. అలబామా దాన్ని అందుకుని టచ్‌డౌన్ చేసింది. ఆట చివర్లో ఇంకో రిటర్నర్ జేక్ థా సొంత గోల్ ముందే బంతి జారవిడిచి, గోల్ గీతకు ఒక్క గజం దూరంలో దాన్ని మళ్లీ ఒడిసిపట్టాడు. ఇంకాస్త వెనక్కి పోయి ఉంటే మిషిగన్ అక్కడే ఓడిపోయేదేమో. అదనపు సమయంలో 27–20తో గెలిచి, వారం తర్వాత జాతీయ ఛాంపియన్ అయింది.

నెల వ్యవధిలో ఒకే కుర్రాడు ఇటు 87 గజాలు, అటు పోగొట్టిన ఒక బంతి. అందుకే రిటర్న్ సగటులను నేను నమ్మను. ఏడాదికి పదిహేనో ఇరవయ్యో రిటర్న్‌లు చేసేవాడి సగటును ఒక్క పొడుగు పరుగు ఆకాశానికి ఎత్తేస్తుంది. అతను వదిలేసిన బంతులు నేలమీద దొర్లి పోగొట్టిన గజాలు ఆ సగటులో కనబడవు.

నక్షత్రాలు ఎంతవరకు

ఇక కాన్ఫరెన్స్‌ల బలం కొలిచే సంగతి. కొలంబస్, ఆన్ ఆర్బర్, బ్లూమింగ్టన్, వెస్ట్ లాఫయెట్, కాలేజ్ స్టేషన్ వంటి ఊళ్ల పేర్లు మన ఇళ్లలోకి అడ్మిషన్ లెటర్లతోనో, వీసా ఇంటర్వ్యూలతోనో వచ్చాయి. అక్కడికి చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు మొదటి శరదృతువులోనే గమనించేది శనివారం ఊరు ఊరంతా ఒకే రంగు బట్టలు కట్టుకోవడం. ఈ విశ్వవిద్యాలయాలు ఆటల కోసం కట్టుకున్న కూటములే కాన్ఫరెన్స్‌లు. దక్షిణాది రాష్ట్రాలది సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్, అంటే ఎస్‌ఈసీ. మధ్య పశ్చిమంలో పుట్టి 2024లో పసిఫిక్ తీరం దాకా పాకింది బిగ్ టెన్. పేరులో పది ఉన్నా ఇప్పుడు అందులో 18 జట్లున్నాయి. ఎస్‌ఈసీలో 16.

ఎవరిది లోతైన బలం? మొదటి కొలత నక్షత్రాలు. రివల్స్, 247స్పోర్ట్స్, ఈఎస్‌పీఎన్ వంటి సంస్థలు హైస్కూలు కుర్రాళ్లకు నక్షత్రాలిస్తాయి. అయిదు నక్షత్రాలవాళ్లు ఏడాదికి ముప్పై మంది చిల్లర. బడ్ ఇలియట్ అనే విశ్లేషకుడు దీనిమీద ఒక సరళమైన కొలత కట్టాడు. నాలుగేళ్లలో జట్టు చేర్చుకున్నవాళ్లలో నాలుగైదు నక్షత్రాలవాళ్లు సగం కన్నా ఎక్కువ ఉంటేనే అది జాతీయ ఛాంపియన్ కాగలదన్నది అతని వాదన. పదేళ్లకు పైగా ఆ గీత చెక్కుచెదరలేదు. 247స్పోర్ట్స్ అయితే 2015 నుంచి ప్రతి జట్టు మొత్తం ఆటగాళ్ల రేటింగ్‌ను కూడి ఒకే అంకెగా ప్రకటిస్తోంది.

ఈ కొలతలను తీసిపారేయలేం. వేలమంది కుర్రాళ్ల మీద సగటు తీస్తే నక్షత్రాలు నిజమే చెబుతాయి. కానీ పదిహేడేళ్ల వయసులో ఇచ్చిన అంకె అది. పంటర్లకు, కిక్కర్లకు మూడుకు మించి దొరకడం అరుదు. మెల్‌బోర్న్ నుంచి వచ్చే ఇరవై దాటినవాడిని ఏ హైస్కూలు పట్టికలో వెతకాలి? అయోవాకే చెందిన కేడెన్ వెట్జెన్ ఒక కమ్యూనిటీ కాలేజీలో ఆడి, స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా జట్టులో చేరాడు. 2024లో దేశంలో ఉత్తమ రిటర్నర్‌కిచ్చే జెట్ అవార్డు అతనికే వచ్చింది. 1971లో ఓక్లహోమా మీద 72 గజాల పంట్ రిటర్న్‌తో నెబ్రాస్కా గెలుపుకు బాట వేసిన జానీ రాడ్జర్స్ పేరు మీద ఇచ్చే అవార్డు అది.

రెండో కొలత డ్రాఫ్ట్. ప్రొఫెషనల్ లీగ్ ఏటా ఎంచుకునే ఆటగాళ్లలో ఏ కాన్ఫరెన్స్ వాళ్లు ఎందరని చూడటం. 2025 డ్రాఫ్ట్‌లో మొత్తం 257 మందిలో ఎస్‌ఈసీ వాళ్లు 79, బిగ్ టెన్ వాళ్లు 71. పత్రికలు ఇక్కడితో ఆగి ఎస్‌ఈసీదే పైచేయి అని రాసేస్తాయి. ఆగకూడదు. జట్ల సంఖ్యతో భాగిస్తే ఎస్‌ఈసీకి జట్టుకు దాదాపు అయిదుగురు, బిగ్ టెన్‌కు నలుగురు. అయితే బిగ్ టెన్‌లోని ఆ 71లో ఒక్క ఒహాయో స్టేట్‌వే 14, ఓరెగాన్‌వి 10. ఆ రెంటినీ తీసేస్తే మిగిలిన 16 జట్లకు 47 మంది, జట్టుకు ముగ్గురు కూడా లేరు. ఎస్‌ఈసీలో జార్జియా 13, టెక్సస్ 12. వాటిని తీసేసినా మిగిలిన 14 జట్లకు 54 మంది, జట్టుకు నలుగురికి దగ్గర. అంటే ఎస్‌ఈసీ నడిమి జట్టు బిగ్ టెన్ నడిమి జట్టు కన్నా ఒక మనిషి లోతు ఎక్కువ. లోతంటే ఇలా కొలవాలి. శిఖరాలను పక్కన పెట్టి మధ్యలో నిలబడ్డ జట్టును చూడాలి.

ఇంత చేసినా ఆ అంకె మొదటి వరస ఆటగాళ్లనే లెక్కిస్తుంది. పైగా ఇప్పుడు ఆటగాడు ఏ కాన్ఫరెన్స్ వాడో చెప్పడమే కష్టమైంది. కాలేజీ మారాలనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకునేందుకు 2018లో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్, 2021లో సడలిన బదిలీ నిబంధనలు, అదే ఏడాది పేరూ ముఖం మీద డబ్బు సంపాదించుకోవచ్చన్న అనుమతి కలిసి ఆటగాళ్లను ఏటా ఊళ్లు మార్చేలా చేశాయి. కేలెబ్ డౌన్స్ 2023లో అలబామా తరఫున 85 గజాల పంట్ రిటర్న్ టచ్‌డౌన్ చేశాడు. మరుసటి ఏడాది ఒహాయో స్టేట్ తరఫున 79 గజాలది చేశాడు. అతను ఎస్‌ఈసీ లోతుకు సాక్ష్యమా, బిగ్ టెన్ లోతుకా?

నలభయ్యో మనిషి

మైదానంలో పదకొండు మందే ఉంటారు కదా, నలభయ్యో మనిషితో ఏం పని? పంట్ జట్ల దగ్గరే ఆ మనిషితో పని. పంట్‌కు, పంట్ రిటర్న్‌కు, కిక్‌ఆఫ్‌కు దిగేవాళ్లలో చాలామంది రిజర్వు లైన్‌బ్యాకర్లు, రెండో వరస సేఫ్టీలు, మొదటి రెండేళ్ల విద్యార్థులు. అసలు ఆటగాళ్లను అలసిపోనివ్వకూడదని, గాయాలపాలు చేయకూడదని కోచ్‌లు వాళ్లను దించుతారు. మంచి జట్టులో ఈ రెండో వరస కూడా వేరే చోట మొదటి జట్టులో ఆడగలవాళ్లే. బక్కచిక్కిన జట్టులో మూడో పంట్‌కల్లా గన్నర్‌ను ఆపలేక చతికిలపడే కుర్రాళ్లుంటారు. ఒక కాన్ఫరెన్స్ లోతు కళ్లకు కట్టే చోటు ఇది.

అందుకే స్కాలర్‌షిప్ పరిమితుల చరిత్ర ఈ కథకు ముఖ్యం. 1973లో ఒక జట్టు ఇవ్వగల స్కాలర్‌షిప్‌లను 105కు కట్టడి చేశారు. తర్వాత 95కు, 1994 నాటికి 85కు దించారు. అంతకుముందు పెద్ద విశ్వవిద్యాలయాలు మంచి ఆటగాళ్లను బెంచీ మీద నిల్వ చేసుకునేవి. 85 వచ్చాక ఆ మిగులు చిన్న జట్లకు పారింది. వర్జీనియా టెక్ కోచ్ ఫ్రాంక్ బీమర్ ఇతరులకన్నా ముందే ఈ సందును పట్టుకున్నాడని నా నమ్మకం. 1987 నుంచి 2015 దాకా ఆ జట్టును నడిపిన బీమర్ పంట్ జట్లలోకి రిజర్వులకు బదులు తన ఉత్తమ ఆటగాళ్లను దించేవాడు. పంట్‌లు అడ్డుకోవడం ఆ జట్టుకు పేరు తెచ్చింది. 1999 సీజన్‌లో ఓటమి లేకుండా జాతీయ ఫైనల్‌కు చేరాడు.

ఆ ఫైనల్‌లో ఫ్లోరిడా స్టేట్ అతని పంట్‌నే అడ్డుకుని టచ్‌డౌన్ చేసింది. పీటర్ వారిక్ 59 గజాల పంట్ రిటర్న్‌తో ఇంకొకటి చేశాడు. 46–29. బాబీ బౌడెన్ శిక్షణలో 1987 నుంచి 2000 దాకా వరసగా 14 ఏళ్లు దేశంలో మొదటి అయిదు స్థానాల్లో నిలిచిన జట్టది. ఎత్తుగడ ఒక జట్టును ఫైనల్ దాకా తీసుకురాగలదు. అక్కడ అదే ఎత్తుగడ తెలిసిన లోతైన జట్టు ఎదురైతే నిలవడం కష్టం. చాలాకాలం నేను దీన్నే చివరి మాట అనుకున్నాను.

ఇండియానా ఆ మాటను మార్చింది. అమెరికా ఫుట్‌బాల్ చరిత్రలో అత్యధిక ఓటములు మూటగట్టుకున్న జట్లలో ఒకటది. కోచ్ కర్ట్ సిగ్నెటీ 2024లో వస్తూ వస్తూ తాను అంతకుముందు కోచ్‌గా ఉన్న కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి 13 మంది ఆటగాళ్లను వెంట తెచ్చుకున్నాడు. హైస్కూలు నక్షత్రాలను పక్కన పెట్టి, కాలేజీ మైదానంలో ఇప్పటికే ఆడి చూపించినవాళ్లను ఏరుకున్నాడు. 2024 నవంబరు 23న కొలంబస్‌లో ఒహాయో స్టేట్ ముందు ఆ జట్టు పంట్ దగ్గరే కూలింది. మొదటి సగం చివర్లో పంటర్ చేతిలోంచి బంతి జారింది, ప్రత్యర్థి టచ్‌డౌన్ చేసింది. రెండో సగంలో డౌన్స్ 79 గజాల పరుగు తీశాడు. 15–38. ఇండియానా ఇంకా అంత లోతుకు చేరలేదని అందరూ అన్నారు. ఆ రోజుకు అది నిజమే.

2025 సీజన్‌లో ఇండియానా బిగ్ టెన్ ఫైనల్‌లో అదే ఒహాయో స్టేట్‌ను 13–10తో ఓడించింది. 2026 జనవరి 19న జాతీయ ఫైనల్‌లో మయామీని 27–21తో గెలిచి 16–0తో సీజన్ ముగించింది. ఆ రాత్రి రెండో సగంలో మికైల్ కమారా మయామీ పంట్‌ను అడ్డుకున్నాడు, అయిజయా జోన్స్ దాన్ని గోల్ ప్రాంతంలో పట్టి టచ్‌డౌన్ చేశాడు. కమారా జేమ్స్ మాడిసన్ నుంచి వచ్చిన ఆ 13 మందిలో ఒకడు. నాలుగైదు నక్షత్రాలవాళ్లు సగం ఉండాలన్న గీతకు ఇండియానా దరిదాపుల్లో కూడా లేదు.

దీన్నిబట్టి నక్షత్రాల లెక్క అబద్ధమని తేల్చేయను. ఒక్క జట్టుతో సూత్రం కూలదు. కానీ కొలత పెట్టే చోటు మార్చక తప్పదు. కాలేజీలో మూడు నాలుగేళ్లు ఆడినవాళ్లతో నిండిన రెండో వరసకు హైస్కూలు రేటింగ్ కట్టే విలువ చాలా తక్కువ. 2025లో కోర్టు ఆమోదించిన పరిహార ఒప్పందంతో స్కాలర్‌షిప్ పరిమితి పోయి, మొత్తం జట్టు 105 మందికి మించకూడదన్న కట్టడి వచ్చింది. డబ్బున్న విశ్వవిద్యాలయాలు ఇకమీద 105 మందికీ స్కాలర్‌షిప్ ఇవ్వగలవు. 1994కు ముందున్న నిల్వలు మళ్లీ మొదలవుతాయేమోనన్నది నా భయం. అదే జరిగితే వెట్జెన్ లాంటి వాక్-ఆన్ కుర్రాళ్లకు చోటు మొదట ఊడేది పంట్ జట్లలోనే.

నన్నడిగితే కాన్ఫరెన్స్ లోతు కొలవడానికి ఇలా మొదలుపెడతాను. ప్రతి కాన్ఫరెన్స్‌లో నడిమి స్థానంలో ఉన్న జట్టును తీసుకోవాలి. దాని పంట్ జట్లలో ఆడినవాళ్ల వయసు, అంతకుముందు ఆడిన ఆటల సంఖ్య చూడాలి. రిటర్న్ సగటుకు బదులు పంట్ తర్వాత ఆ జట్టు ఎక్కడినుంచి ఆట మొదలుపెట్టిందో, ప్రత్యర్థిని ఎక్కడ మొదలుపెట్టించిందో గజాల్లో రాయాలి. జారవిడిచిన బంతులు, ముట్టుకోకుండా వదిలేసి పోగొట్టుకున్న గజాలు విడిగా లెక్కించాలి. ఇతర కాన్ఫరెన్స్‌లతో ఆడిన ఆటలనే ఎక్కువ పట్టించుకోవాలి. సీజన్ చివర్లో జరిగే, ఆటగాళ్లు తప్పుకునే బౌల్ ఆటలను పక్కన పెట్టాలి. బిల్ కానెలీ వంటి విశ్లేషకులు తమ రేటింగ్‌లలో పంట్, కిక్‌ఆఫ్ వంటి వాటికి దిగే ప్రత్యేక జట్లకు ఇప్పటికే చోటిస్తున్నారు. కానీ కాన్ఫరెన్స్‌ల వాదనలోకి వచ్చేసరికి ఆ భాగాన్ని ఎవరూ విప్పి చూడరు.

మీ పిల్లలో, బంధువుల పిల్లలో ఆ ఊళ్లలో చదువుతుంటే వచ్చే సెప్టెంబరులో ఏదో ఒక శనివారం వాళ్లతో కలిసి ఒక ఆట చూడండి. నాలుగో ప్రయత్నం రాగానే చాలామంది టీవీ ముందునుంచి లేచిపోతారు. మీరు లేవకండి. బంతి గాల్లోకి లేచాక దాని వెంట చూపు పోనివ్వకుండా, చివర్లలో గన్నర్లకు అడ్డం పడుతున్న ఆ కుర్రాళ్ల నంబర్లు రాసుకోండి. ఆట అయ్యాక జట్టు పట్టికలో వాళ్లు ఏ ఏడాది విద్యార్థులో, ఎక్కడినుంచి వచ్చారో వెతికి చూడండి. రెండు కాన్ఫరెన్స్‌ల నడిమి జట్లవి నాలుగేసి ఆటలు ఇలా చూస్తే, ఎవరి లోతు ఎంతో మీరే చెప్పగలరు.